మోచేతి లోతు

గిద్దక్కకు ఆ పేరు పెట్టింది సొంత తమ్ముడే. మనిషి గిద్దంత, నోరు కుంచమంత అని వాడు ఒకసారి ఎవరితోనో అన్నాడు. అంతే, ఆ పేరు వీధులు దాటి పాకింది. ఆమె మాత్రం ఊరుకునే రకమా? పొద్దస్తమానం నీళ్ళలోకి మెడ సాచి చూస్తూ నిలబడేవాణ్ణి కొంగ అనక ఇంకేమంటారని, వాడికి కొంగ అని తగిలించింది. వాడికి నిజంగానే కొంగ కాళ్ళు. చేతులు మోకాళ్ళ దాకా వేలాడేవి. చేపలు పెంచేవాడికి కొంగ అని పేరేమిటర్రా అని చెరువు యజమాని పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

తల్లి పోయేనాటికి ఆమెకు పద్నాలుగేళ్ళు, వాడికి నాలుగు. తండ్రి అంతకు ముందే లేడు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనికి కుదిరి, ఆ దుప్పటి మూటల మధ్యే వాణ్ణి పెంచింది. తర్వాత పెళ్ళి చేసుకుంది, మూడేళ్ళు కాపురం చేసింది. భర్త జబ్బు చేసి పోతే ఒక ట్రంకు పెట్టెతో వచ్చి తమ్ముడి గుమ్మంలో దిగింది. అప్పటికి వాడు ఈ చేపల చెరువు మీద మేత పనిలో ఉన్నాడు. గట్టు మీద రెండు గదులు, పక్కన మోటారు షెడ్డు, వెనక మేతకు తవుడు, నూనె చెక్క బస్తాలు పెట్టుకునే కొట్టు. ఏ కిటికీ తెరిచినా నీళ్ళే. "ఇన్నాళ్ళు నీళ్ళలో నానింది చాలక మళ్ళీ నీళ్ళేనా" అని మొదటిరోజే మూతి తిప్పింది. అలా మూతి తిప్పుతూనే ఇరవై రెండేళ్ళు ఉండిపోయింది.

కొంగ పెళ్ళి చేసుకోలేదు. ఎన్ని సంబంధాలు చూసినా ఏదో వంక పెట్టేవాడు. వాడి లోకమంతా ఆ నీళ్ళే. అన్నం ముందు కూర్చున్నా గాజు సీసాలో చెరువు నీళ్ళు పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసేవాడు. "మేత వెయ్యడం పెద్ద విద్య కాదక్కా, మేత వెయ్యకుండా ఊరుకోవడం విద్య" అనేవాడు. చేపలు తినగా మిగిలింది అడుక్కి పోయి కుళ్ళుతుందట. దాని బలంతో నీళ్ళలో పచ్చదనం ముదురుతుందట. పచ్చదనం కొంచెం ఉంటే చేపకు మంచిదే, ముదిరితే రాత్రంతా అదే గాలి పీల్చేసుకుని తెల్లారేసరికి చేపలకు ఊపిరాడకుండా చేస్తుందట. ఈ పాఠం ఆమె కొన్ని వేలసార్లు వినుంటుంది. విన్నది ఎంత, ఊ కొట్టింది ఎంత అంటే, ఊ కొట్టిందే ఎక్కువ.

నీళ్ళు ఎలా ఉన్నాయో చూడడానికి వాడి దగ్గర పరికరాలేమీ లేవు. రోజూ పొద్దున గట్టు నుంచి నీళ్ళ మీదికి వేసిన బల్ల మీద బోర్లా పడుకుని ఎడమ చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో ముంచేవాడు. అడుగున అరచెయ్యి కనిపిస్తే ఆ పూట మేత. కనిపించకపోతే చేపలకు పస్తు. చొక్కా చెయ్యి పైకి మడవడానికి కూడా బద్ధకమే వాడికి, అలాగే ముంచేసేవాడు. ఎడమ చేతి చొక్కాకు పచ్చని చార పడి ఎంత ఉతికినా పోయేది కాదు. ఆసుపత్రి నెత్తుటి మరకలు వదలగొట్టిన మనిషిని, నీ చొక్కా ముందు ఓడిపోయానురా అని ఆమె రోజూ తిట్టేది.

ఆ రోజు కూడా చొక్కా దగ్గరే మొదలైంది. ఉతికి ఆరేసిన చొక్కా తొడుక్కుని, పది నిమిషాల్లో మోచేతి దాకా పాచి పూసుకుని వచ్చి, కంచం ముందు కూర్చుని మళ్ళీ సీసా ఎత్తాడు. గిద్దక్కకు ఒళ్ళు మండింది. "నీకు అక్కెందుకురా? ఇల్లెందుకు? పో, పోయి ఆ చెరువులోనే ఉండు!" అని అరిచింది. వాడు చెయ్యి కడుక్కోకుండానే లేచి, "సరేలే" అని నవ్వి బయటికి పోయాడు. కంచంలో సగం అలాగే ఉంది.

మధ్యాహ్నం తిండికి రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళింది. చెరువు తూర్పు మూలలో, కాలవ నీళ్ళు గొట్టం గుండా లోపలికి పడే చోట, ఇనుప జాలి పట్టుకుని బోర్లా తేలుతున్నాడు. జాలికి అడ్డం పడ్డ చెత్త తీయడానికి దిగాడు. గుండె ఆగిపోయిందని డాక్టరు అన్నాడు. చుట్టూ చేపలు. మేత వేసే మనిషి నీళ్ళలోకి వచ్చాడు కదా అని మూతులు పెట్టి వాడి చొక్కాను పొడుస్తున్నాయి. ఆ దృశ్యం గిద్దక్క కళ్ళలోంచి ఆ తర్వాత ఏనాడూ పోలేదు.

సాగనంపడం అయ్యాక యజమాని వచ్చాడు. ఆయనకు అసలు వ్యాపారం ఐసు ఫ్యాక్టరీ, చెరువు వాళ్ళ నాన్న కాలం నాటిది. "వేరే మనిషిని చూస్తాను గిద్దక్కా, నువ్వు గదిలో ఉండు, పర్లేదు" అన్నాడు.

"వేరే మనిషి వద్దు బాబూ. మేత నేను వేస్తా."

"నువ్వా? నీకు నీళ్ళంటేనే పడదుగా?"

"వాడు చెప్పింది నాకు తెలుసు."

యజమాని ఒప్పుకున్నాడు. "కానీ ఒక్కమాట. రెండు నెలల్లో చేపలు పట్టాలి. ఈలోగా చెరువు పాడైందా, ఇక దీంతో నేను పడలేను. మట్టి పోయించి చదును చేయించేస్తా. అక్కడ ఐసు గోదాము కట్టుకుంటా."

పొట్ట గడవడం కోసం పని అడిగిందని అందరూ అనుకున్నారు. నిజం ఆమె ఎవరికీ చెప్పలేదు. చెరువులోనే ఉండు అని తను అంది, వాడు సరేలే అన్నాడు. చిన్నప్పటి నుంచి ఒకసారి సరే అన్నాక అక్క మాట జవదాటని వాడు. వాడు అక్కడే ఉన్నాడు. ఒక్కసారి, ఒక్క గుర్తు చాలు, కోపం లేదు అని వాడు ఎలాగోలా తెలియజేస్తే చాలు. అది దొరికేదాకా ఆ నీళ్ళ మీద గుప్పెడు మట్టి పడనివ్వకూడదు.

వాడి చొక్కాలే తొడుక్కుని పనిలోకి దిగింది. చేతులు నాలుగు మడతలు పెట్టినా జారేవి. మొదటిరోజు బల్ల మీద పడుకుని చెయ్యి ముంచుతుంటే దంతాలు టకటకలాడాయి. కింద నుంచి ఎవరో పట్టుకుంటారని భయం, ఎవరూ పట్టుకోరేమోనని ఇంకో భయం. చల్లటిదేదో వచ్చి వేళ్ళను తాకింది. కెవ్వుమనబోయి పెదవి కొరుక్కుంది. చేప మూతి. "నేనేరా, అక్కని" అంది నీళ్ళతో. మోచేతి దాకా ముంచి చూస్తే అరచెయ్యి తెల్లగా కనిపించింది. మేత వేసింది.

అలా రోజూ. రోజూ చెయ్యి ముంచేది, రోజూ అరచెయ్యి కనిపించేది, రోజూ మేత వేసేది. కొంగ ఉన్నప్పుడు వారానికి ఒకటి రెండు పూటలైనా చేపలను పస్తు పెట్టేవాడు. ఈమె చేతిలో ఒక్క పూట కూడా పస్తు పడలేదు. నా చెయ్యి మంచిది అని మురిసిపోయింది కూడా, పిచ్చిది.

నెల దాటాక ఒక తెల్లవారుజామున చప్పుడు మొదలైంది. తడి నేల మీద పిల్లలు వట్టి కాళ్ళతో గెంతుతున్నట్టు, చప్ చప్ చప్. గిద్దక్క లాంతరు కూడా తీసుకోకుండా వెళ్ళింది, అప్పటికే వెలుగు వస్తోంది. తూర్పు మూలలో, సరిగ్గా జాలి దగ్గర, పది ఇరవై చేపలు తలలు పైకెత్తి, గుండ్రంగా నోళ్ళు తెరిచి ఉన్నాయి. ఎప్పుడూ మనిషిని చూస్తే చటుక్కున మునిగిపోయే చేపలు ఆమెను చూసీ కదల్లేదు. కళ్ళు తేలేసి, నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

అదే చోటు. కొంగ రోజూ గట్టు మీదకు వచ్చే వేళ అదే. ఆమె అక్కడే కూలబడింది. "వచ్చావురా" అంది. "ఆకలేస్తోందిరా? ఆ రోజు సగం కంచంలో వదిలి పోయావు కదరా." పరిగెత్తి కొట్టులోకి పోయి, ఒడి నిండా మేత తెచ్చి, చేత్తోనే ఆ నోళ్ళ మధ్య చల్లింది. తింటున్నాయో లేదో ఆమె చూడలేదు. కళ్ళు మసకలు కమ్మి ఏమీ కనిపించలేదు. మేత తేలి, నాని, మునిగిపోయింది.

మర్నాడు యాభై. వారం తిరిగేసరికి వందలు. మూలంతా నోళ్ళే. ఆమె నిద్ర మానేసి ఆ చప్పుడు కోసం ఎదురుచూసేది. మామూలు మేత కాక, ఈ తెల్లవారుజాము మేత వేరే. వాడికి పెడుతున్నట్టే పెట్టేది. పెడుతూ చిన్నప్పటి సంగతులన్నీ చెప్పేది. దుప్పటి మూటలో నిద్రపోయినవాణ్ణి చూసుకోకుండా బండికెత్తించి, మళ్ళీ ఏడుస్తూ బండి వెంట పరిగెత్తిన సంగతి చెప్పి తనే నవ్వుకునేది. చెరువు నుంచి కుళ్ళిన గుడ్ల లాంటి వాసన వస్తోందని తెలుస్తూనే ఉంది. వాసన వస్తుంది కదా, చావు జరిగిన చోటు కదా అనుకుంది. ఒకరోజు ఏడు చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. వాటిని గట్టు వెనక పాతిపెట్టింది. యజమానికి చెప్పలేదు. మర్నాడు పందొమ్మిది.

పందొమ్మిది చేపలను పాతిన రోజే జారిపోతున్న చొక్కా చేతులు మేత బకెట్లో పడి విసుగెత్తి, రెండు చొక్కాలు చంకన పెట్టుకుని టైలరు దగ్గరకు వెళ్ళింది. టైలరు ముసలాయన, ఆమెను లాండ్రీలో పనిచేసే రోజుల నుంచి ఎరుగును. సందులో ఒకే గది దుకాణం. మిషను, ఇస్త్రీ బల్ల, గోడకు కొలతలు రాసిన కాగితాలు. కళ్ళజోడు ముక్కు చివరికి లాగి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఏమ్మాయ్, చొక్కాలో నువ్వున్నావా, నీలో చొక్కా ఉందా?"

"వేళాకోళం తర్వాత బాబాయ్. చేతులు కత్తిరించి నాకు సరిపోయేట్టు చెయ్యి."

"చెయ్యి చాపు."

చొక్కా చేతిని ఆమె ఎడమ చేతి పక్కన పరిచాడు. చేతి పట్టీని ఆమె మణికట్టు దగ్గర సరిగ్గా ఉంచి, బట్టను పైకి సాగదీసి పట్టుకున్నాడు. పచ్చని చార పట్టీ దగ్గర మొదలై ఒకచోట గీత గీసినట్టు ఆగిపోయింది. ముసలాయన దాని మీద వేలు పెట్టాడు.

"ఈ మరక ఏమిటి, గీత గీసినట్టుంది?"

"రోజూ మోచేతి దాకా నీళ్ళలో ముంచేవాడు బాబాయ్. ఎన్నిసార్లు చెప్పినా మడిచేవాడు కాదు."

"ఓహో. అయితే వాడి మోచెయ్యి ఇక్కడ." ఇంకో వేలు ఆమె మోచేతి మీద పెట్టాడు. "నీది ఇక్కడ. చూశావా, నడుమ నాలుగు వేళ్ళు పడుతున్నాయి. కొంగన్నావు గానీ, ఒంటె అనాల్సింది. ఎక్కడ కత్తిరించమంటావ్?"

గిద్దక్క ఆయన రెండు వేళ్ళ మధ్య ఉన్న ఆ ఖాళీని చూస్తోంది. కత్తెర బట్ట మీద పడబోతుంటే ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దు బాబాయ్. కత్తిరించొద్దు."

"ఏమైంది అమ్మాయ్? మొహం అలా పాలిపోయిందేం?"

చొక్కాలు లాక్కుని బయటపడింది. దారంతా నడిచిందో పరిగెత్తిందో తెలియదు. బల్ల మీద పడుకుని, చొక్కా తొడుక్కుని, మడత పెట్టకుండా పట్టీని మణికట్టు దగ్గర బిగించి, ఆ పచ్చగీత తడిసేదాకా చెయ్యి ముంచింది. తన మోచెయ్యి మునిగింది, ఇంకా నాలుగు వేళ్ళు మునిగింది. కింద అరచెయ్యి లేదు. పచ్చటి చిక్కటి నీళ్ళలో మణికట్టు దగ్గరే ఆమె చెయ్యి మాయమైపోయింది. ఇన్నాళ్ళూ తను కొలిచింది తన పొట్టి చేతి లోతే.

అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో కంచం ముందు వాడన్న మాట. "తెల్లారగట్ల పైకొచ్చి నోళ్ళు తెరిచాయంటే అది ఆకలి కాదక్కా, ఊపిరాడక. కొత్త నీళ్ళు పడే చోటికి పోయి గాలి కోసం అల్లాడతాయి. ఆ వేళప్పుడు మేత వేసినవాడు చేపల పాలిట యముడు." ఆ మాటకు తను ఊ కొట్టింది, బాగా గుర్తు. ఊ కొట్టి ఇంకొంచెం వడ్డించింది. మరిచిపోయిందని తనకు తాను చెప్పుకుంది గానీ, నిజంగా మరిచిపోయిందా? ఆ నోళ్ళు ఎందుకు తెరుచుకున్నాయో ఆలోచించడం ఆమెకు ఇష్టం లేకపోయింది. అంతే సంగతి. కాలవ గొట్టంలోంచి సన్నగా పడుతున్న ధార కిందకు, బతకడానికి వచ్చినవాటిని తమ్ముడనుకుంది. తమ్ముడనుకుని మేత పోసి చంపుతోంది.

గట్టు మీద కూర్చుని చాలాసేపు నీళ్ళను చూసింది. ఇప్పుడేం చెయ్యాలో ఆమెకు తెలుసు, వాడు వేలసార్లు చెప్పాడు. మేత ఆపెయ్యాలి. అడుగు తూము ఎత్తి కుళ్ళు నీళ్ళు వదలాలి. మోటారు పెట్టి కొత్త నీళ్ళు నింపాలి. షెడ్డులో ఉన్న గాలిచక్రాలు దింపి నీళ్ళను చిలికి గాలి కలపాలి. చేస్తే చేపలు బతుకుతాయి, చెరువు నిలుస్తుంది. కానీ నీళ్ళు బాగుపడితే తెల్లారగట్ల ఆ మూలకు ఇక ఎవరూ రారు. చెయ్యకపోతే వస్తూనే ఉంటారు, ఇంకో వారమో పది రోజులో, చేపలన్నీ పోయేదాకా. ఆ తర్వాత మట్టి.

ఆమె లేచి మోటారు షెడ్డు తలుపు తీసింది.

తాడు చుట్టి లాగితే డీజిలు మోటారు మొదట దగ్గి దగ్గి ఆగింది. అచ్చం పొద్దున్నే నిద్ర లేచి వాడు దగ్గినట్టే. ఆమె తాడు వదిలేసి ఒక అడుగు వెనక్కి వేసింది. షెడ్డులో ఎవరూ లేరు. చిలక్కొయ్యకు వాడి టోపీ వేలాడుతోంది. మళ్ళీ తాడు చుట్టి లాగింది. ఈసారి అందుకుంది. గాలిచక్రాలు దింపడం ఒక్క మనిషి వల్ల కాదు. ఈమె వాలకం చూసి అనుమానం వచ్చి వెనకాలే వచ్చిన టైలరు, లుంగీ ఎగ్గట్టి, జన్మలో మొదటిసారి మోకాలి లోతు నీళ్ళలో దిగి, "నా ఇస్త్రీ బట్టలేమైపోను" అని గొణుగుతూనే ఒక చివర పట్టాడు.

మర్నాడు తెల్లారగట్ల చేపలు వచ్చాయి. మునుపటికంటే ఎక్కువే వచ్చాయి. ఆమె వట్టి చేతులతో నిలబడింది. నోళ్ళు తెరిచి చూస్తుంటే వట్టి చేతులతో నిలబడడం ఎంత కష్టమో ఆమెకు తెలిసింది. ఆకలని ఏడ్చిన నాలుగేళ్ళవాడికి ఒకనాడు పెట్టడానికేమీ లేక ఇలాగే నిలబడింది. "పెట్టనురా. తిట్టుకో. పెట్టను" అని పైటచెంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు ముప్ఫై చచ్చాయి. రెండో రోజు పన్నెండు. మూడో రోజు యజమానికి కబురు పెట్టి, దాచకుండా అంతా చెప్పింది, తమ్ముడి సంగతి తప్ప. ఆయన తిట్టాల్సినంత తిట్టాడు. నీళ్ళ వంక చూసి, తిరుగుతున్న చక్రాల వంక చూసి, సరే ఇంకో వారం చూద్దాం అని వెళ్ళాడు.

నాలుగో రోజు ఒక్కటీ చావలేదు. మూలకు వచ్చేవి సగమయ్యాయి. ఆరో రోజు ఇరవై. ఎనిమిదో రోజు ఒకే ఒక్క చేప వచ్చింది. పెద్దది, ఒక పక్క పొలుసులు ఊడి ఉంది. గిద్దక్క గొట్టం పక్కన గొంతుక్కూర్చుని దానితో మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఆమెకే తెలియాలి. వెలుగు బాగా వచ్చేదాకా అది ఆమె ఎదురుగా ఉంది. తర్వాత తోక ఆడించి లోపలికి పోయింది.

తొమ్మిదో రోజు చప్పుడు లేదు. చీకటి విడవకముందే వచ్చి కూర్చుంది. గొట్టంలోంచి ధార పడుతోంది, దాని కింద నీళ్ళు గుండ్రాలు గుండ్రాలుగా విడిపోయి గట్టును తాకుతున్నాయి. అంతే. సూర్యుడు వచ్చాడు. మూల ఖాళీగా ఉంది. బల్ల మీద పడుకుని పచ్చగీత దాకా చెయ్యి ముంచింది. అడుగున ఐదు వేళ్ళూ కనిపించాయి, విడివిడిగా, తెల్లగా. చేపలు ఎక్కడో లోతున హాయిగా ఉన్నాయి. ఎవరికీ ఎవరితోనూ పని లేదు. చెయ్యి బయటికి తీయాలని కూడా తోచక అలాగే ఉంచి, బల్లకు చెంప ఆనించి, వాడు పోయాక మొదటిసారి బావురుమంది.

టైలరు అటుగా వచ్చాడు. వారం నుంచి రోజూ వస్తున్నాడు, నీళ్ళలో దిగినప్పటి నుంచి చెరువు తనదే అయినట్టు. గట్టు మీద నిలబడి నీళ్ళ వంక తృప్తిగా చూశాడు.

"భేష్ అమ్మాయ్! ఒక్కటీ పైకి రాలేదు. గండం గట్టెక్కినట్టేగా?"

"గట్టెక్కింది బాబాయ్."

"మరి ఏడుస్తావేం?"

ఆమె చెయ్యి పైకి తీసింది. వాడి చొక్కా చేతిలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"వాణ్ణి రెండోసారి కూడా నేనే పొమ్మన్నాను బాబాయ్" అంది.